సూట్‌కు పెట్టిన పసుపు

నా డైవింగ్ సూట్ ఇరుకవడం షాపు తప్పేనని మిత్రులతో చెప్పాను. అసలు సంగతి దాచాను.

నార్వేలో చన్నీళ్ల డైవింగ్‌కు వెళ్తూ, శంషాబాద్‌లో విమానం మారే వ్యవధిలో నా మొదటి డైవింగ్ సూట్ కొన్నాను. అమ్మింది విమానాశ్రయం దగ్గరి సాతంరాయిలో ఇంటి ముందుగదినే డైవింగ్ సామాన్ల షాపు చేసుకున్న సుజాత. మందపాటి రబ్బరు సూట్ నా చేతికిచ్చేముందు ఆమె మెడపట్టీ లోపల పసుపు బొట్టు పెట్టింది.

"దీనికి కూడానా?" అన్నాను.

"కొత్త బట్ట కాదా అన్నా? పసుపు పెట్టకుంట ఎట్ల తొడుగుతవ్?"

పొట్ట లోపలికి లాక్కుని జిప్ వేయించుకున్నాను. ఊపిరాడలేదు.

"జర టైట్ ఉన్నదా? పెద్దది తియ్యనా?"

పసుపు పెట్టాక కాదనలేకపోయాను. పెద్ద సైజు అడగడానికి సిగ్గు కూడా వేసింది. "సరిగ్గా సరిపోయింది" అన్నాను.

సముద్రంలో వంగలేక అవస్థపడ్డాను. "తప్పుడు సైజు అంటగట్టింది" అని మిత్రులతో అన్నాను. వాళ్లలో ఆమె దగ్గర కొందామనుకున్న ఇద్దరు మానుకున్నారు.

తిరుగు ప్రయాణంలో వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. పకపకా నవ్వింది.

"నువ్వు పొట్ట గుంజినప్పుడే సూసిన. అందుకే అడిగిన గదా! గని నా గిరాకీ ఎందుకు చెడగొట్టినవ్?"

అక్కడే ఆ ఇద్దరికీ ఫోన్ కలిపి, ఆమెకు వినబడేలా స్పీకర్ పెట్టాను.

"తప్పు సూట్‌ది కాదు, నా పొట్టది. అంతకంటే ఎక్కువ నా నోటిది. సుజాతమ్మా, నన్ను క్షమించు."