కళ్లు మూసుకుని వినే పిల్ల

కేజీఎఫ్‌లో నేను లెక్కలు చెప్పే బడిలో ఏడో తరగతి గోడకు ఒక కెమెరా బిగించారు. ఏ పిల్ల శ్రద్ధగా వింటోందో, ఎవరికి విసుగు పుట్టిందో అది మొహాలు చూసి కనిపెట్టి, హెడ్మాస్టరు గదిలోని తెర మీద రంగుల్లో చూపిస్తుంది. శ్రద్ధ ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. నా మొహానికి మాత్రం రోజూ కోపమనే చూపేది. అందులో దాని తప్పేమీ లేదు, నా మొహమే అంత.

గొడవంతా మూడో బెంచీ పిల్లతో వచ్చింది. నేను పాఠం మొదలుపెట్టగానే తల వంచి కళ్లు మూసుకునేది. అడిగితే పొల్లుపోకుండా అప్పజెప్పేది. అయినా తెర మీద రోజూ ఎరుపే. ఇలాగైతే ‘ఎ’ సెక్షన్ నుంచి తీసేస్తామన్నారు హెడ్మాస్టరు. కిందటి ఏడాదే ‘బి’లోంచి కిందామీదా పడి పైకి వచ్చిన పిల్ల. నాకు ఒళ్లు మండిపోయింది.

వాళ్ల తాతను పిలిపించాను. ఇక్కడి బంగారు గనులు మూసేదాకా లోపల పనిచేసిన మనిషి. తవ్వే ముందు కడ్డీతో పైకప్పు తట్టి, చప్పుడును బట్టి రాయి వదులైందో లేదో తెలుసుకునేవారట.

“కండ్లు మూసుకుంటేనే చెవి బాగా పనిచేస్తాదమ్మా. పాపకి నేనే నేర్పించినాను. తప్పయిపోయిందా?” అన్నాడు.

తప్పట, నా తలకాయ. వెళ్లి హెడ్మాస్టరుతో అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, మిషనుకు ఇవన్నీ ఏం తెలుస్తాయి మేడమ్, ఆ పిల్లనే కళ్లు తెరిచి కూర్చోమనండి, అన్నారు.

కూర్చుంది. కళ్లు ఇంతింత చేసుకుని, రెప్ప వేయకుండా. రంగు ఆకుపచ్చకు తిరిగింది. నేను ప్రశ్న అడిగితే మాత్రం బిక్కమొహం వేసేది. చూస్తూ ఉంటే మీ మాట చెవికెక్కడం లేదు మిస్, అని ఒకరోజు మెల్లగా చెప్పింది. పరీక్షలో లెక్కలు పోయాయి. ఈసారి కెమెరాతో పని లేకుండా మార్కులే ఆ పిల్లను ‘బి’కి పంపాయి.

ఆ మాట చెప్పాల్సింది నేనే. అందరూ వెళ్లాక ఆపి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. గోడ మీది కెమెరా వైపు తిరిగి, కళ్లు బాగా తెరుచుకుని నిలబడింది.

“ఏడిస్తే ఎరుపు వస్తాది కదా మిస్” అంది.

నాకు దుఃఖం ఆగలేదు. కెమెరాకు అడ్డంగా నిలబడి పిల్లను దగ్గరికి తీసుకున్నాను.

“ఇంగ కండ్లు మూసుకోమ్మా” అన్నాను.