కొండకు మ్యాచింగ్ వెతికిన అత్త

మా మేనత్త రెండు వారాల క్రితం పోయింది. తిరుపతిలో ఆమె దగ్గర జాకెట్టు గుడ్డ కొన్నవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకూ ఈ కబురు చేరాలని రాస్తున్నాను. మామ పోయాక మ్యాచింగ్ సెంటరును ఆమే నడిపింది. ఎవరు చీర తెచ్చినా ట్యూబ్‌లైటు కింద గుడ్డ చూపించి అంటగట్టేది కాదు. రెండూ చేతబట్టుకుని వీధిలోకొచ్చి, ఎండలో పక్కపక్కన పెట్టి చూసేది. "లైటు కింద అన్నీ కుదిరినట్టే ఉంటాయి. ఎండే నిజం చెప్తాది" అనేది.

చక్కెర జబ్బు ఆమె చూపును నడిమధ్య నుంచి తినేసింది. ఎదుటి మనిషి ముఖం ఉండాల్సిన చోట మసక, చుట్టూ మాత్రం కాస్త కనిపించేది. మిగిలిన చూపు కూడా నిలవదని కంటి డాక్టరు చెప్పాక, అంగడి కొడుక్కి అప్పజెప్పి నాతో రంగుల సీసాలు తెప్పించుకుంది. డెబ్బై దాటాక ఇదేం సరదా అని అడిగాను.

"ఇన్నేండ్లు ఆ కొండకు వీపు పెట్టి కూచున్నానమ్మే. ఎన్ని రంగులో అమ్మినాను, దాని రంగు మాత్రం నా అంగట్లో లేదు. సూపు పోయేలోగా అదేందో పట్టుకోవాల" అంది.

అలిపిరి పోయే దారిలో మాదీ ఆమెదీ పక్కపక్క వాటాలు. పొద్దున్నే గడపలో పీట వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకునేది. నేరుగా చూస్తే కొండ మాయమయ్యేది కాబట్టి, వీధి కొళాయి వైపు ముఖం తిప్పి ఓరగా కొండను చూసేది. కొళాయి దగ్గర పళ్లు తోముకునే ఎదురింటాయన, తననే చూస్తోందనుకుని లుంగీ సర్దుకుని లోపలికి పోయేవాడు. ఆ సంగతి చెబితే, "ఆయప్పను సూసే తీరిక నాకు యాడుండాది!" అని పగలబడి నవ్వింది.

సీసాల మీది పేర్లు ఆమెకు పట్టేవి కావు. ఆమెవన్నీ అంగడి పేర్లే: నెమలికంఠం, ఉల్లిపొర, వంకాయ, చింతపిక్క. రంగు కలిపి కాగితం మీద పూసి నన్ను వీధిలోకి తోలేది. దాన్ని రెండు చేతులతో కొండకెదురుగా ఎత్తిపట్టి, చీరకు గుడ్డ చూసినట్టు చూసి చెప్పాలి. నేను మొక్కుకుంటున్నాననుకుని, నడకదారికి పోయే యాత్రికులు నా వెనక ఆగి దండాలు పెట్టేవాళ్లు. రంగు మాత్రం ఒక్కనాడూ కుదరలేదు.

చివరికి చూపు పూర్తిగా పోయింది. ఇక మానేస్తుందనుకున్నాను. పీట మీద కూచుని, "ఈ పొద్దు కొండ ఏం రంగులో ఉండాది?" అని అడిగింది.

"ఆకుపచ్చగా ఉందత్తా."

"యా ఆకు? తమలపాకా, కరివేపాకా, ఎండిన అరిటాకా? పుట్టినకాడి నుంచి ఈడే ఉండావే, ఒకసారన్నా సూసినావా?"

ఆ రోజు చూశాను. కింద కరివేపాకు, నడుమ ఎర్రమన్ను, పైన బండల దగ్గర ఉతికి ఉతికి వెలిసిపోయిన వంకాయ రంగు. నేను చెబుతుంటే ఆమె సీసాలు తడుముకుంటూ కలిపింది. ఆ తర్వాత రోజూ అదే పని. ఏ పనిలోనూ నాకు అంత సంతోషం కలగలేదు.

పోయే ముందురోజు కూడా కాగితం పట్టుకుని వీధిలోకి వెళ్లాను. అప్పటికే బాగా నీరసించింది. గోడకు ఆనుకుని, "కుదిరిందామ్మే?" అని అడిగింది. కుదిరిందని చెప్పేద్దామనిపించింది. కాగితాన్ని మళ్లీ కొండకెదురుగా ఎత్తి చూశాను.

"దగ్గరికొచ్చింది. కుదర్లేదత్తా" అన్నాను.

"మేలే. అయితే రేపు గూడా పనుండాది" అని తృప్తిగా బ్రష్షు నా చేతికిచ్చింది.

ఆ రాత్రి నిద్రలోనే వెళ్లిపోయింది.

దినకర్మలు అయిన మర్నాడు తెల్లవారుజామున వాన పడింది. వీధి ఊడవడానికి బయటికొచ్చి తలెత్తాను. తడిసిన కొండ మీద మబ్బు నీడ పక్కకు తప్పుకుంటోంది, ఆ అంచున ఒక రంగు తేలింది. ఆమె చెప్పిన పేర్లన్నీ ఒక్కొక్కటే అనుకుని చూశాను. ఏదీ సరిపోలేదు. అది కాస్తా పోతుందేమోనని, "అత్తా, సీసాలు తియ్" అంటూ గడప వైపు తిరిగాను.