ఇంటిపేరు అడిగినావిడ

జెర్సీ సిటీ రైల్లో పక్కన కూర్చున్న తెలుగావిడ నా ఇంటిపేరు అడిగింది. ఆఫీసులో తెలుగువాళ్లు అడిగినప్పుడు చెప్పే పెద్దకులం పేరే, అలవాటుగా ఆమెకూ చెప్పేశాను.

ఆమె మొహం వాడిపోయింది. "మావాళ్లేమో అనుకున్నా. ఏమనుకోకండమ్మా," అంటూ నాకు తగలకుండా పక్కకి జరిగింది.

"అదేంటండీ?" అన్నాను.

"తెలుగోళ్ల ఇళ్లల్లో వంట చేస్తానమ్మా. మా ఆయన కూడా తెలుగోళ్ల షాపులోనే పనిచేస్తాడు, ఆయన్నెవరూ ఏమీ అడగరు. నన్ను మాత్రం కులం అడిగాకే కిచెన్‌లోకి రానిస్తారు. చెప్పాక రెండిళ్లల్లో మానిపించేశారు."

నేనూ మీలాంటిదాన్నేనన్న మాట నోటిదాకా వచ్చింది. రోజంతా దాచి దాచి అలసిపోయి కూడా, పైకి అనలేకపోయాను.

దిగుతూ, "జాగ్రత్తగా వెళ్లండమ్మా," అంది.

ఇప్పుడు ఎవరడిగినా నిజమే చెబుతున్నాను. ఆమె మాత్రం మళ్లీ కనిపించలేదు.