గత్తరకు వేసిన బడి తాళం

గత్తర వచ్చి, వాంతులు విరేచనాలతో ఊళ్లో ఇద్దరు చనిపోగానే, పిల్లలు ఒక్కచోట చేరకూడదని పోలీసు పటేలు మా బడికి తాళం వేయమన్నాడు. సబబేననుకుని గదులు కడిగించి, సున్నం వేయించి, రోగం లోపలికి రాకుండా గుమ్మానికి వేపమండలు కట్టి, తాళం వేసి చెవి ఆయనకే ఇచ్చాను.

ఈ రోజు పొద్దున వెళ్తే తలుపులు తీసి ఉన్నాయి. దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్లను పట్టుకోవడానికి ఘన్‌పూర్ రైలు స్టేషన్‌లో దిగిన పోలీసులు లోపల మకాం పెట్టారు. నేను కట్టిన మండల్లోంచే పుల్లలు విరిచి పళ్లు తోముకుంటూ, కొత్త సున్నం మీద ఉమ్ముతున్నారు.

తిన్నగా పటేలు ఇంటికి పోయాను.

“పిల్లలకు అంటుకునే గత్తర పోలీసులకు అంటుకోదా పటేలా?”

“ఆళ్లు సర్కారు మనుషులు పంతులూ. నువ్వు జర ఇంటికాడ ఉండు.”

వాళ్లు సర్కారు మనుషులని గత్తరకు ఎవరు చెప్పారో మరి. మీ ఊళ్లో బడి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఒకసారి చూసుకుని నాకూ చెప్పండి.