మెర్ల్ బెంచీ ఎటు చూడాలి

కెల్విన్ జెన్సన్ రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మనిషి. ఆయన ముత్తాత డెన్మార్క్ నుంచి న్యూజిలాండ్ వచ్చి ఇక్కడి అడవి కొట్టాడు. ఆ చెక్కే రైలు పట్టాల కిందికి పోయింది. మా డానవర్క్ ఊరు అట్లా పెరిగింది. ఇప్పుడు గూడ్సు బండ్లు తప్ప మనుషులెక్కే రైలు రాదు.

కెల్విన్ భార్య మెర్ల్ ఒకప్పుడు స్టేషన్‌లో టీ అమ్మేది. ఆమె పోయాక ఆమె పేరు మీద స్టేషన్ దగ్గర ఒక బెంచీ వేయించాలనుకున్నాడు. ఊళ్లో సిమెంటు పనులు చేసే నాకూ, నా దగ్గర పనిచేసే మనవాడు బంటికీ ఆ పని వచ్చింది. నడిచి అలసినవాళ్లకు పనికొస్తుందని మేం దాన్ని రోడ్డు వైపు పెట్టి, కాళ్ల చుట్టూ సిమెంటు పోసేశాం. కెల్విన్ వచ్చి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మెర్ల్‌కు రోడ్డుతో ఏం పని, నర్సీ? కప్పులు సర్దుకుని రైలు వైపే చూసేది."

"ఇంక రైలు ఏడికెళ్లి వస్తదన్నా? జర తాతకు చెప్పు," అన్నాడు బంటి తెలుగులో. "నా నడుం పోయింది."

"నాది మంచిగున్నదారా? సిమెంటు గట్టిపడకముందే పార పట్టు."

మళ్లీ తవ్వాం. బెంచీని పట్టాల వైపు తిప్పి, కొత్తగా సిమెంటు పోశాం.

"రెండు రోజులు ఆగి కూర్చో, కెల్విన్," అన్నాను.

ఆయన మా ఖాళీ బకెట్ బోర్లించి బెంచీ పక్కనే కూర్చున్నాడు.

"రైల్వేవాణ్ణి, నర్సీ. ఆగడం నాకు కొత్తా?"