నలభై ఏడు దగ్గర తప్పే లెక్క

క్లాజు మాస్టారని అందరూ పిలిచే ఆయనకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏం జరిగినా దానికో రూల్ రాయాలి. ఎవరైనా కాలు జారితే రూల్, కత్తి విరిగితే రూల్, సమావేశంలో ఇద్దరు ఒకేసారి తుమ్మితే ఎవరికి ముందు తుమ్మే హక్కుందో రూల్. ఆ యూనివర్సిటీ ఫెన్సింగ్ క్లబ్బులో సభ్యులు పదకొండు మంది, కత్తులు తొమ్మిది, రూల్స్ నూట పద్నాలుగు.

పోనీ ఆయన పెద్ద కత్తివీరుడా అంటే, జన్మలో కత్తి పట్టి ఎరగరు. లైబ్రరీ కింది అంతస్తులో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే బైండరు. ఇరవై రెండేళ్ల కిందట క్లబ్బు రిజిస్టరుకు అట్ట వేసి ఇచ్చిపోదామని వచ్చి, కాసేపు కూర్చుని ఆట చూసి, "ఇంతమంది పిల్లల చేతుల్లో ఇనప కత్తులు పెట్టి, ఒక్క రూలైనా రాసుకోలేదుటయ్యా!" అని నెత్తీ నోరూ కొట్టుకుని, ఆ సాయంత్రమే ఆరు రూల్స్ రాసిచ్చారు. ఏడోది మర్నాడు వచ్చింది: రూల్స్ పుస్తకం ఎప్పుడూ బైండరు దగ్గరే ఉండవలెను. దాంతో క్లబ్బులో ఆయన కుర్చీ ఖాయమైపోయింది.

కొత్త రూల్ పుట్టినప్పుడల్లా ఆయన ఎర్ర గుడ్డ అట్ట విప్పి, కొత్త కాగితం చేర్చి, మళ్లీ కుట్టేవారు. ఇరవై రెండేళ్లలో ఆ పుస్తకం తలగడంత లావైంది. కెమిస్ట్రీ మూడో ఏడు చదువుతూ ఈమధ్యే క్లబ్బు కెప్టెన్ అయిన అమ్మాయి మొదటిసారి దాన్ని ఎత్తినప్పుడు, ఫెన్సింగ్‌లో ఎన్నడూ పట్టని నడుం పట్టేసింది.

ఆ పుస్తకంతో బతకడం ఎంత కష్టమో ఆమెకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ముప్పై ఒకటో రూల్ ప్రకారం కెప్టెన్ ప్రకటన ఏదైనా కాగితం మీద రాసి, సభ్యులందరి చేతా ఒకే గొంతుతో చదివించాలి. "రేపు ప్రాక్టీసు లేదు" అన్న మూడు ముక్కలు కూడా పదకొండు మంది కలిసి చదవాల్సిందే. ఒకసారి వేరే కాలేజీ జట్టు వచ్చి, అదేదో ప్రార్థన అనుకుని తలలు వంచి నిలబడింది. యాభై ఎనిమిదో రూల్ ప్రకారం బుధవారాలు అందరూ ఎడమ చేత్తోనే ఆడాలి. బుధవారం ఎవరి కత్తి ఎవరికి తగులుతుందో ఆ దేవుడికే తెలియాలి. నలభై నాలుగో రూల్ ప్రకారం ఓటింగు సమయంలో అందరూ ఆట మాస్కులు పెట్టుకునే చేతులెత్తాలి.

ఇక పదో రూల్: పదకొండు మంది లేనిదే సమావేశం లేదు. ఒక ఏడు సభ్యులు పదిమందే మిగిలారు. మాస్టారు వరండాలోకి వెళ్లి, నేల తుడుస్తున్న ఆయమ్మను పట్టుకొచ్చారు.

"అమ్మా, మీకు ఫెన్సింగ్ మీద అభ్యంతరం ఏమైనా ఉందా?"

"నా తడి నేల మీద తొక్కనంతవరకూ లేదు బాబూ."

"అయితే మీరు సభ్యురాలు. కూర్చోండి."

ఆయమ్మ కూర్చుంది. ఆ రోజు వచ్చిన ప్రతి తీర్మానానికీ వ్యతిరేకంగా చెయ్యెత్తింది. ఆమె మాస్కు పెట్టుకున్నా చేతిలో తుడుపుకర్ర ఉండటంవల్ల రహస్య ఓటింగు అంత రహస్యంగా జరగలేదు. మర్నాటికి రెండు రూల్స్ తయారు. ఒకటి, తడి నేల తొక్కరాదు. రెండు, సమావేశానికి వచ్చినవారు తక్కువలో తక్కువ అరగంట కుర్చీ దిగరాదు.

అన్నింటికంటే కెప్టెన్‌కు ఒళ్లు మండేది ఎనభై ఎనిమిదో రూలంటే. ఆట ముగియగానే మాస్కులు తీసి చేతులు కలుపుకోవడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. ఇక్కడ అలా కాదు. ఆడిన ఇద్దరూ మాస్కులతోనే బెంచీ మీద కూర్చోవాలి. మాస్టారు వంద లెక్కపెడతారు. ఆ తరువాతే మాస్కు తీయాలి. లోపల చెమట కళ్లలోకి కారుతుంటే ఆయన తాపీగా "నలభై ఆరు... నలభై ఏడు..." అని, ఉన్నట్టుండి ఆగి, "అయ్యో, లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి" అనేవారు. పుస్తకాల్లో పేజీలు లెక్కపెట్టే మనిషికి నలభై ఏడు దగ్గరే లెక్క ఎందుకు తప్పుతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఇలా ఉండగా స్పోర్ట్స్ ఆఫీసునుంచి నోటీసు వచ్చింది. ప్రతి క్లబ్బూ తన నియమావళిని శుక్రవారం సాయంత్రం ఐదు లోపల దాఖలు చేయాలి, లేకపోతే దాని హాలు నాటక బృందానికి వెళ్తుంది. హాలు పోతే క్లబ్బు పోయినట్టే. కెప్టెన్ మాస్టారిని అడిగి పుస్తకం మోసుకుంటూ వెళ్లి ఆఫీసరు బల్లమీద దించింది. బల్లమీది పెన్నులు ఎగిరిపడ్డాయి.

"ఏమిటిది?"

"మా క్లబ్బు రూల్స్ సార్."

"నేనడిగింది క్లబ్బు రూల్స్ అమ్మాయ్. దేశానికి రాజ్యాంగం కాదు. ఒక్క పేజీలో పట్టుకురా."

ఆ కబురు వినగానే క్లబ్బులో పండగైపోయింది. లాయరని అందరూ పిలిచే లా విద్యార్థి ఎగిరి గంతేశాడు. "ఇదే అదను! మూడు రూల్స్ ఉంచి మిగతాది మొత్తం రద్దు చేసేద్దాం. తీర్మానం నేను రాస్తా."

"మాస్టారికి ఎవరు చెప్తారు?" అంది కెప్టెన్.

అందరూ ఆమెవైపే చూశారు. ఎవరు చెప్పాలనే దానిమీద కూడా రూల్ ఉంది. కెప్టెనే చెప్పాలి.

గురువారం మధ్యాహ్నం ఆమె బైండింగు గదికి వెళ్లింది. మాస్టారు జిగురు కుంచెతో ఏదో పాత నిఘంటువుకు వీపు అతికిస్తున్నారు. సమావేశంలో అయితే "కెప్టెన్ గారూ, మీరు" అనే మనిషి, ఇక్కడ మామూలుగానే పలకరించారు.

"రామ్మా. విన్నాను. ఎన్ని తీసెయ్యాలి?"

"నూట పదకొండు మాస్టారూ."

కుంచె ఆగిపోయింది. "నూట పదికి కుదరదా?"

ఆమెకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. "పోనీ ఏది ఎందుకు రాశారో చెప్పండి. నిజంగా అవసరమైనవి ఉంచడానికి చూస్తాను."

"అది చెప్పకూడదమ్మా. తొమ్మిదో రూల్. ఏ రూల్ ఎందుకు పుట్టిందో ఎక్కడా రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు."

"ఆ తొమ్మిదో రూల్ ఎందుకు పుట్టింది?"

"అదీ చెప్పకూడదు," అని మాస్టారు మళ్లీ కుంచె ముంచారు. ఆమె తలుపు దాటుతుంటే వెనకనుంచి మెల్లగా అన్నారు. "ఒక్క పేజీకి అట్ట వేయడం కష్టమే. అయినా చూస్తాలే."

ఆమె తిన్నగా హాలుకు వచ్చి బెంచీ మీద కూర్చుంది. పుస్తకంలో ప్రతి రూల్ కిందా తేదీ ఒక్కటే ఉంది. పక్కన పాత కెప్టెన్లు రోజువారీ విశేషాలు రాసుకునే రిజిస్టరు పెట్టుకుంది. తీసేయాల్సినవాటికి అడ్డగీతలు కొట్టబోతూ, సరదాకి యాభై ఎనిమిదో రూల్ తేదీని రిజిస్టరులో వెతికింది. 'కొత్త కుర్రాడికి కుడిచెయ్యి విరిగింది. ఈ ఏడాదికి నా ఆట అయిపోయిందని సామాను సర్దుకున్నాడు' అని ఉంది. ఆ వారంనుంచే బుధవారాలు అందరూ ఎడమచేతి వాళ్లయ్యారు.

ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. ముప్పై ఒకటో రూల్ తేదీ చూసింది. 'కొత్త కెప్టెన్‌కు మాట తడబడుతుంది. రెండు వాక్యాలు చెప్పడానికి చాలా అవస్థపడ్డాడు. ఇద్దరు నవ్వారు.' వారం తరువాత ఆ కొత్త కెప్టెన్ చేతిరాతతోనే ఇంకో వాక్యం: 'అందరితో కలిసి చదివితే మాట అస్సలు తడబడటం లేదు!' అరగంట కుర్చీ దిగరాదన్న రూల్ ముందురోజు పేజీలో, వరండా తుడిచే ఆయమ్మకు మోకాళ్లు వాచాయని, మేస్త్రీ కూర్చోనివ్వడం లేదని ఉంది. సభ్యురాలు రూల్ ప్రకారం కూర్చుంటే మేస్త్రీ మాత్రం ఏం చేయగలడు?

ఎనభై ఎనిమిదో రూల్ తేదీ చూశాక ఆమె రిజిస్టరు తెరవనే లేదు. ఆ తేదీ ఆమెకు నోటికి వచ్చు. మొదటి ఏడాది, మొదటి ఆట, చూడటానికి నాన్న కూడా వచ్చాడు. పదిహేను – సున్నా. ఒక్కసారి కూడా కత్తి తగిలించలేక ఓడిపోయింది. మాస్కులో ఏడుపుతో ముక్కూ కన్నూ ఏకమై, తీస్తే అందరూ చూస్తారని చచ్చిపోతుంటే, పక్కనుంచి మాస్టారి గొంతు ఖంగుమంది. "ఆగండి! ఎవరూ మాస్కు తీయరాదు! రూల్!" ఆయన వంద లెక్కపెట్టారు. మూడుసార్లు నలభై ఏడు దగ్గర తప్పారు. చివరికి ఆమె మాస్కు తీసేసరికి మొహం పొడిగా ఉంది, నవ్వుతూ చెయ్యి కలిపింది.

ఆ రూల్ తాతల నాటిదని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఆ క్షణానికి అది పుట్టనేలేదు! నోటికొచ్చింది అనేసి, రాత్రికి ఇంటికెళ్లి కుట్టుకున్నారన్నమాట మహానుభావుడు. పైగా రెండేళ్లుగా ఆ రూల్‌ను అందరికంటే ఎక్కువగా తిట్టింది తనే. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే పకపకా నవ్వొచ్చింది.

శుక్రవారం నాలుగింటికి సమావేశం. పదిమంది విద్యార్థులు, తుడుపుకర్రతో ఆయమ్మ. మాస్టారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. చేతిలో కొత్త ఎర్ర గుడ్డ అట్ట, లోపల ఒకే ఒక్క ఖాళీ కాగితం, దానికి ఎంతో శ్రద్ధగా వేసిన కుట్టు. దాన్ని బల్లమీద పెట్టి, "ఇందులో రాసుకోండి కెప్టెన్ గారూ" అన్నారు.

కెప్టెన్ తను రాసిన పేజీ నకళ్లు పంచింది. ముప్పై ఒకటో రూల్ ప్రకారం అందరూ కలిసి చదివారు.

"ఒకటి. కత్తి మొన నేలవైపు ఉండాలి. రెండు. పదకొండు మంది లేనిదే నిర్ణయం లేదు. మూడు. మనలో ఒక్కరికి ఇబ్బంది వచ్చినా, దానికి అందరికీ వర్తించే రూల్ రాయాలి. అది ఎవరికోసమో చెప్పకూడదు. అలాంటి రూల్స్ పుస్తకం బైండరు మాస్టారి దగ్గర ఉంటుంది. దానికి పేజీల పరిమితి లేదు."

లాయరు లేచాడు. "మూడో రూల్ దొడ్డిదారిన పాత పుస్తకం మొత్తాన్ని లోపలికి తెచ్చేస్తోంది. దీనికి కారణం చెప్పాలి!"

"చెప్పకూడదు," అంది కెప్టెన్. "తొమ్మిదో రూల్."

లాయరు ఆమెవైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు, బల్లమీది ఒంటి కాగితం పుస్తకాన్ని చూశాడు. "పేజీ ఒక్కటే కదా. ఆఫీసరు అడిగిందీ అదే. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను," అని కూర్చున్నాడు.

మాస్కులు పెట్టుకున్నారు. పది చేతులూ ఒక తుడుపుకర్రా లేచాయి. ఇన్నేళ్లలో ఆయమ్మ ఒక తీర్మానానికి అవునని ఓటెయ్యడం అదే మొదలు.

మాస్టారు లెక్క చూసుకున్నారు. ఫలితం ప్రకటించాలి. "పదకొండుకు పద..." అని ఆగారు. "తుడుపుకర్ర ఎత్తితే చెయ్యి ఎత్తినట్టేనా అనే విషయం మీద..." అని మళ్లీ ఆగారు. మూలనున్న మాస్కు ఒకటి గబగబా తీసి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, తలకు తగిలించుకున్నారు.

అందరూ మాస్కులు తీయబోయారు.

"ఆగండి!" అంది కెప్టెన్ ఖంగుమని. "ఎవరూ మాస్కు తీయరాదు. ఎనభై ఎనిమిదో రూల్. నేను వంద లెక్కపెడతాను."

అవతల ఆఫీసు మూసేయడానికి ఇరవై నిమిషాలే ఉంది. ఆమె మాత్రం తాపీగా మొదలుపెట్టింది. ముప్పై దాటింది, నలభై దాటింది. మాస్టారి భుజాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"నలభై ఆరు... నలభై ఏడు..." అని ఆమె ఆగింది. "అయ్యో, లెక్క తప్పింది మాస్టారూ. మళ్లీ ఒకటి నుంచి."