ఎడమ చెక్క చప్పుడు

మోకాలి ఆపరేషన్ అయ్యాక సుబేదారిలోని ఫిజియోథెరపీ సెంటర్లో ఒక అమ్మాయి నాతో వ్యాయామం చేయిస్తోంది. నిన్న నేను కాలు ఎత్తేలోపే తనే చేత్తో ఎత్తేసింది. నడుములో కలుక్కుమంది. నాన్నకు అన్న, మా పెద్దబాపు గుర్తొచ్చాడు.

ఆయన కాశిబుగ్గలో గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. పోలియోతో ఎడమకాలు సన్నబడిపోయింది. గుంటలో కాళ్ల కింద రెండు తొక్కుడు చెక్కలుండేవి. కుడికాలు తన చెక్కను టక్కున తొక్కేది. ఎడమకాలిని మాత్రం నడుము ఊపి చెక్క మీదికి తెచ్చుకోవాలి. రెండు చప్పుళ్ల మధ్య ఆ ఆలస్యాన్ని చిన్నప్పుడు నేను భరించలేకపోయేదాన్ని. ఆ కాలికి బద్ధకమనుకున్నాను. ఒకరోజు ఆగలేక గుంటలోకి వంగి, ఎడమ చెక్కను రెండు చేతులతో నొక్కేశాను. పైదారాలు కిందికి దిగిపోయి, అటు నుంచి అడ్డపోగు మోసుకొస్తున్న నాడె వాటి మధ్య ఇరుక్కుంది. నాలుగు పోగులు పుటుక్కున తెగాయి.

పెద్దబాపు తిట్టలేదు. పోగులు ముడేస్తూ, "నా కాలు ఎంత సేపటికి వస్తదో నా చేతులకు ఎరుకే బిడ్డా. నువ్వు జల్ది చేస్తే అవి ఆగమైతయ్" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. గుంట అంచున కూర్చుని కాళ్లు ఊపుతూనే ఉన్నాను.

ఇవాళ ఆ అమ్మాయి మళ్లీ నా కాలి కిందికి చెయ్యి చాపింది.

"జర ఆగు బిడ్డా, అదే వస్తది" అన్నాను.

చెయ్యి ఆగింది. ఆమె పాదం మాత్రం నేల మీద టకటకలాడుతూనే ఉంది.